పాఠాలు ఉచితమే, తరగతి గదికి చేర్చే ఖర్చే మనది

విద్యా నిధికి సాయం చేసే దాతలు ఈ మధ్య ఒకే ప్రశ్నను పదే పదే అడుగుతున్నారు. "బడికి ట్యాబులు కొనిద్దామా? మంచి యాప్ ఏదైనా చూసి పిల్లలందరికీ చందా కట్టేద్దామా?" అడగడంలో మంచి మనసే ఉంది. పట్నంలో చదివే పిల్లలకు దొరికేది మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోని పిల్లలకూ దొరకాలన్న తపన ఉంది. అయితే సమాధానం చెప్పే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఉపాధ్యాయుడికి కావలసిన డిజిటల్ పాఠాల్లో చాలా భాగం ఇప్పటికే ఉచితంగా ఉన్నాయి. కొనాల్సిన పని లేదు. ఉచితంగా ఉన్నవి తరగతి గది దాకా చేరకపోవడమే అసలు కొరత. ఆ కొరత ఎక్కడుందో, దాత రూపాయి ఎక్కడ పడితే అది తీరుతుందో ఈ వ్యాసంలో వివరిస్తాం.

ఏమేం ఉన్నాయి?

మొదట చెప్పుకోవాల్సింది దీక్ష. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ వేదికను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన చిన్న చతురస్రం, అందులో నలుపు తెలుపు గళ్ళు కనిపిస్తాయి. అదే క్యూఆర్ కోడ్. ఫోనులో దీక్ష యాప్ తెరిచి ఆ గళ్ళ మీద పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెర మీదికి వస్తాయి. మన రాష్ట్ర పుస్తకాల్లోనూ ఈ కోడ్‌లు ఉన్నాయి. చాలా ఇళ్ళలో అదేదో ప్రెస్సు వాళ్ళ గుర్తు అనుకుని వదిలేస్తారు. దీక్ష పాఠాన్ని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూడవచ్చు. ఒక ఫోను నుంచి మరో ఫోనుకు ఫైలుగా పంపవచ్చు.

లెక్కలకు, సైన్సుకు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు ఉన్నాయి. భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో ఈ పని మొదలుపెట్టారు. భిన్నాలు, విద్యుత్ వలయాలు, లోలకం, సాంద్రత వంటి అంశాలను తెర మీద వేలితో కదిపి చూసే బొమ్మ ప్రయోగాలివి. వీటిలో తెలుగులోకి మార్చినవీ ఉన్నాయి. వీటినీ డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా వాడుకోవచ్చు.

చిన్న తరగతులకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యత దినం నాడు, ఇది మొదలైంది. తెలుగు, ఉర్దూ, ఒడియా సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలు, చదివే స్థాయిని బట్టి విడదీసి పెట్టారు. అరవింద్ గుప్తా పాత చెప్పులు, అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో సైన్సు బొమ్మలు చేసి చూపిస్తారు. ఆయన పుస్తకాలు, వీడియోలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కంప్యూటరు నేర్పే మాస్టార్లకు ముంబయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు, సాంఘిక శాస్త్రానికి ఇస్రో వారి భువన్ ఉపగ్రహ పటాలు ఉన్నాయి. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా అన్ని సబ్జెక్టులకూ పనికొస్తుంది.

ఈ జాబితాలో ఒక్కదానికీ చందా లేదు.

ఊరికే దొరకడం వేరు, మన చేతికి రావడం వేరు

డబ్బు అడగనివన్నీ ఒకటి కావు. కొన్నిటిని చూడనిస్తారు గానీ కాపీ చేసుకోనివ్వరు, మార్చనివ్వరు. కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చి, అలవాటయ్యాక డబ్బు అడిగేవీ ఉన్నాయి. ఇంకో రకం వేరు. "తీసుకోండి, పంచండి, మీ భాషలోకి మార్చుకోండి, తయారు చేసినవారి పేరు చెప్పండి చాలు" అని ముందే రాతపూర్వకంగా అనుమతి ఇస్తాయి. ఆ అనుమతి పత్రాల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. ఇలాంటి పాఠాలను సార్వత్రిక విద్యా వనరులు అంటున్నారు. యునెస్కో 2002లో ఈ మాటను వాడుకలోకి తెచ్చింది. 2019 నవంబరులో, ఈ వనరులను ప్రోత్సహించాలని సభ్యదేశాలన్నిటికీ సిఫారసు చేసింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో మన రాష్ట్రంలోనే చూశాం. 2022 డిసెంబరు 21న ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, వారికి చెప్పే ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ అనే ప్రైవేటు సంస్థ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. పాఠం ఒక సంస్థ సొత్తు అయినప్పుడు ఆ సంస్థ బాగోగుల మీదే పాఠం బాగోగులు ఆధారపడతాయి. సిలబస్ మారితే ఆ పాఠాన్ని మాస్టారు సరిదిద్దలేరు. పక్క ఊరి బడికి ఇవ్వలేరు. అదే స్టోరీవీవర్ కథ ఒకసారి మన పెన్‌డ్రైవ్‌లోకి వచ్చిందంటే అది మనదే. రేపు ఆ సైటు మూతపడినా ఆ కథను ఎన్ని బడులకైనా పంచే హక్కు మనకు ఉంటుంది.

కాబట్టి ఏ వనరు గురించైనా దాతలు నాలుగు ప్రశ్నలు అడగాలి. నెట్ లేకుండా పనిచేస్తుందా? కాపీ చేసి పంచే అనుమతి ఉందా? తెలుగులో ఉందా, లేకపోతే తెలుగులోకి మార్చుకోనిస్తారా? పిల్లల పేర్లు, ఫోను నంబర్లు అడుగుతుందా? మొదటి మూడింటికి అవునని, నాలుగోదానికి కాదని జవాబు వస్తే ఆ వనరు మనకు పనికొస్తుంది. నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

మన జిల్లాల్లో అడ్డు ఎక్కడ?

సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం మండలాలను చూడండి. 2022 ఏప్రిల్ 4 దాకా ఇవి మన రెండు జిల్లాల్లోనివే. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. కొండ దిగువన సిగ్నల్ ఉంటుంది, మలుపు తిరిగితే పోతుంది. తీరం వైపు కష్టం ఇంకోలా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఎలా దెబ్బ తీశాయో అందరికీ గుర్తుంది. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నెట్ ఉంటేనే నడిచే పాఠం ఇలాంటి చోట నమ్మదగిన పాఠం కాదు.

రెండో అడ్డు ఇంటిలోపల ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక అది అన్న చేతికి పోతుంది. అమ్మాయి వంతు వచ్చేసరికి చార్జింగ్ అయిపోతుంది, లేదా డేటా అయిపోతుంది. చేపల వేటకు గుజరాత్ వెళ్ళిన తండ్రితో పాటు ఫోనూ వెరావల్ వెళ్ళిపోయే ఇళ్ళు మన తీరంలో ఉన్నాయి. ఫోనులో ఉచితంగా దొరికేది ఆడపిల్లకు ఉచితంగా దొరికినట్టు కాదు. తరగతి గదిలో గోడ మీద కనబడే తెర ఒక్కటే అబ్బాయికీ, అమ్మాయికీ, ముందు బెంచీకీ, వెనక బెంచీకీ సమానంగా కనిపిస్తుంది. దాతల సొమ్ము పిల్లల చేతి తెరకంటే తరగతి తెరకు ముందు వెళ్ళాలని మేము కోరడానికి కారణం ఇదే.

2011 జనాభా లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లో మన జనం నూటికి ఒకరైనా లేరు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో కొంత, మిగిలిన ఊళ్ళలో నాలుగిళ్ళు, అయిదిళ్ళుగా చెదిరి ఉన్నాం. ప్రతి ఊళ్ళో మన పిల్లల కోసం ప్రత్యేకంగా బడి పెట్టడం సాధ్యపడదు. మన పిల్లలు చదివేది అందరి పిల్లలూ చదివే ప్రభుత్వ బడిలోనే. ఆ బడి బాగుపడితే మన పిల్లలూ, ఇరుగుపొరుగు పిల్లలూ కలిసి బాగుపడతారు.

నెట్ లేని చోట ఎలా?

పాత ల్యాప్‌టాప్ ఒకటి, చిన్న వైఫై రౌటరు ఒకటి ఉంటే చాలు. లెర్నింగ్ ఈక్వాలిటీ అనే సేవాసంస్థ తయారుచేసిన కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆ ల్యాప్‌టాప్‌లో వేస్తే అది బడికి సొంత గ్రంథాలయం అవుతుంది. సిగ్నల్ ఉన్న చోట ఒకసారి పాఠాలు నింపుకుని తెస్తారు. తర్వాత గదిలోని ట్యాబులు, ఫోన్లు ఆ రౌటరు ద్వారా వాటిని తెరుచుకుంటాయి. బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. కివిక్స్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగు వికీపీడియాను ఒకే ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తుంది. రౌటరు కూడా లేని చిన్న బడికి మెమరీ కార్డు నిండా ఎంపిక చేసిన పాఠాలు, వాటిని చూపించే టీవీ ఉంటే సరిపోతుంది. నాడు-నేడు కింద పెద్ద తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చిన బడులు చాలా ఉన్నాయి. అక్కడ కొనాల్సింది తెర కాదు, తెరలోకి వెళ్ళే పాఠాన్ని సిద్ధం చేసే మనిషి సమయం.

ఒక పాఠం ఎలా నడుస్తుంది?

దాతలకు కళ్ళకు కట్టేలా ఒక పీరియడ్ ఉదాహరణ చెబుతాం. అయిదో తరగతి, భిన్నాలు. "మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా?" అని అడిగితే సగం మంది పిల్లలు నాలుగింట ఒక వంతే పెద్దది అంటారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా అన్నది వాళ్ళ లెక్క. ఇది మొద్దుతనం కాదు, ఆ వయసులో సహజంగా వచ్చే పొరపాటు.

మొదటి పది నిమిషాలు తెర ఆపే ఉంచాలి. ఒక కాగితాన్ని రొట్టె అనుకుని ముగ్గురికి పంచమనాలి, ఇంకో కాగితం నలుగురికి. ముక్కలు పక్కపక్కన పెట్టి చూడమనాలి. తర్వాత పదిహేను నిమిషాలు తెర మీద ఫెట్ వారి భిన్నాల ప్రయోగం తెరవాలి. మాస్టారు భాగాల సంఖ్య పెంచే ముందు "ఇప్పుడు ముక్క పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడగాలి. పిల్లలు చేతులెత్తి చెప్పాకే బటను నొక్కాలి. పన్నెండు భాగాలు చేసేసరికి ముక్క ఎంత సన్నబడిందో అందరికీ కనిపిస్తుంది. చివరి పదిహేను నిమిషాలు మళ్ళీ తెర ఆపి, నోటుపుస్తకంలో మూడు లెక్కలు.

గమనించారా? నలభై నిమిషాల్లో తెర వెలిగింది పదిహేను నిమిషాలే. ఆ పదిహేను నిమిషాలకు ముందు ఏ ప్రశ్న అడగాలో, ఎక్కడ ఆగాలో మాస్టారికి తెలిసి ఉండాలి. అది తెలియకపోతే వీడియో పెట్టి కూర్చోవడమే అవుతుంది. పెరూ దేశంలో ప్రతి పిల్లకూ ఒక ల్యాప్‌టాప్ అనే పథకం కింద లక్షల యంత్రాలు పంచారు. 2012లో ఆ పథకాన్ని పరిశీలించినప్పుడు లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరగలేదని తేలింది. యంత్రం వచ్చింది గానీ బోధన మారలేదు. 2023లో యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదికలోనూ ఈ హెచ్చరికే చేసింది. సాంకేతికత ఉపాధ్యాయుడికి తోడు కావాలి, బదులు కాకూడదు.

సాంఘిక శాస్త్రం మాస్టారు భువన్ పటం తెరిస్తే నాగావళి ఒడిశా కొండల్లో బయలుదేరి, మన జిల్లాల మీదుగా వచ్చి, కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలవడం చూపించవచ్చు. వంశధార కళింగపట్నం దగ్గర కలవడం చూపించవచ్చు. తమ ఊరిని పిల్లలు పటంలో వెతుక్కుంటారు. పుస్తకంలోని గంగా మైదానం కంటే ముందు వాళ్ళకు అర్థం కావలసింది తమ ఊరి ఏరు.

మన నేల నేర్పిన దారి

ఉపాధ్యాయుడే వనరు తయారు చేయడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల మీది సవరల పిల్లలకు వాళ్ళ భాషలో చదువు లేదని గమనించి, తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో సవరలకు బడులు పెట్టారు. ప్రభుత్వం ఈ కృషికి డబ్బు ఇవ్వబోతే, దానితో సవరలకు బడి పెట్టమన్నారని ఆయన జీవిత చరిత్రలో చెబుతారు. 29 ఆగస్టును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన చేసిన ఈ రెండో పనిని అంతగా తలుచుకోం.

అదే పనికి ఇప్పుడు పరికరం దొరికింది. ప్రథమ్ బుక్స్ వారు ఒడిశాలో ఆదికహానీ పేరుతో సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో, ఆ తెగలవారే చెప్పిన కథలను పుస్తకాలుగా తెచ్చారు. స్టోరీవీవర్ కథలకు మార్చుకునే అనుమతి ఉంది. అక్కడి సవర కథలు ఒడియా లిపిలో ఉన్నాయి. సీతంపేట పిల్లలు చదివేది తెలుగు లిపి. సవర తెలిసిన ఒక ఉపాధ్యాయుడు కూర్చుని, ఊరి పెద్దలతో మాట మాటా సరిచూసి, ఆ కథను తెలుగు లిపిలోకి మారిస్తే ఒక్క కథ ఎన్నో బడులకు ఉపయోగపడుతుంది. ఖర్చు ఏమిటి? ఆయన కొన్ని ఆదివారాల సమయం, రాకపోకల బస్సు చార్జీ, అచ్చు వేస్తే కాగితం. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత కాలం నిలిచే దానం ఇంకొకటి వెతకడం కష్టం.

ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు ఒడియా మాధ్యమం బడులకూ ఇదే వర్తిస్తుంది. ఉర్దూ చెప్పేవారికి ఎన్‌సీఈఆర్‌టీ ఉర్దూ పాఠ్యపుస్తకాలు ఈ-పాఠశాలలో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి ఉర్దూ వీడియో పాఠాలు ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు, ఇంగ్లీషు చదివే చిన్నపిల్లకు స్టోరీవీవర్‌లో ఒకే బొమ్మల కథను మూడు భాషల్లో పక్కపక్కన చూపించవచ్చు. మన రాష్ట్ర పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఇస్తున్నారు కదా, అదే పద్ధతి ఇది.

దాతలు దేనికి ఇవ్వాలి?

మేము చదివి, విచారించి తేల్చుకున్న క్రమం ఇది.

ఒకటి, ముందు బడికి వెళ్ళి ఉన్నది చూడాలి. టీవీ ఉందా, పనిచేస్తోందా, కరెంటు పాయింటు తెర దగ్గర ఉందా? చాలా చోట్ల కొత్త యంత్రం కంటే చిన్న మరమ్మతు, ఒక తీగ, ఒక స్టెబిలైజరు ముందు కావాలి.

రెండు, నెట్ లేకుండా నడిచే గ్రంథాలయం. బడికి ఒక పెన్‌డ్రైవ్ లేదా పాత ల్యాప్‌టాప్. మీ ఇంట్లో, దుకాణంలో మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్ పనిచేసే స్థితిలో ఉంటే అదే పెద్ద దానం. మీ సొంత వివరాలన్నీ చెరిపేసి ఇవ్వండి.

మూడు, ఉపాధ్యాయుల కూడిక. నెలకొక ఆదివారం పది మంది టీచర్లు కలిసి వచ్చే నెల పాఠాలకు ఏ వీడియో, ఏ ప్రయోగం సరిపోతుందో ఎంచుకుని, అడగవలసిన ప్రశ్నలు రాసుకుంటే చాలు. భోజనం, చార్జీలు, ఒక గది ఇవ్వగలిగితే ఈ పని సాగుతుంది. తయారైన పాఠాలను ఇతర బడులవారికీ ఇవ్వవచ్చు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన విద్యాదాన్ ద్వారా దీక్షకు పాఠాలు దానంగా ఇచ్చే వీలు కూడా ఏర్పడింది.

నాలుగు, తెలుగులోకి, సవరలోకి, ఒడియాలోకి, ఉర్దూలోకి మార్చే పనికి గౌరవ వేతనం.

అయిదు, రెండో ఏడాది ఖర్చు. వస్తువు కొనే రోజు ఫొటో తీసుకునేవారు చాలామంది ఉంటారు. ఏడాది తర్వాత చార్జరు కాలిపోతే అడిగేవారు ఉండరు. మీరు ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో కొంత మరమ్మతులకు పక్కన పెట్టమని మేము కోరుతున్నాం.

ఇవ్వవద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. ఏడాది చందా యాప్‌లు వద్దు. పిల్లల ఫోను నంబర్లు అడిగే ఉచిత పోటీ పరీక్షలు వద్దు. మాస్టారితో మాట్లాడకుండా కొన్న యంత్రం ఏదీ వద్దు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. నెట్‌లో దొరికిన ప్రతిదీ కాపీ చేయకూడదన్న భయం కొందరికి, ఏదైనా చేయవచ్చన్న ధీమా కొందరికి ఉంటుంది. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ బోధన సందర్భంలో ఉపాధ్యాయుడికి కొంత వెసులుబాటు ఇస్తుంది. అయినా పుస్తకాలుగా పంచాలనుకున్నప్పుడు బహిరంగ అనుమతి ఉన్నవాటినే ఎంచుకోండి. తయారు చేసినవారి పేరు తప్పక రాయండి. ఇచ్చినవారి పేరు చెప్పడం మర్యాద, లైసెన్సు షరతు కూడా.

పాఠాలు రాసినవారు, బొమ్మలు గీసినవారు, సాఫ్ట్‌వేరు కట్టినవారు ఎక్కడెక్కడో కూర్చుని తమ వంతు ఇచ్చేశారు. అది దీక్షలో, స్టోరీవీవర్‌లో, ఫెట్‌లో సిద్ధంగా ఉంది. మిగిలింది పట్నం నుంచి పల్లెకు చేర్చే ఆఖరి మైళ్ళ దూరమే. ఈ సంవత్సరం మీ చందా ఇచ్చేటప్పుడు మీకు తెలిసిన ఒక బడి పేరు కూడా రాసి ఇవ్వండి. వీలైతే ఆ బడిలో తెర ఉందో లేదో, సిగ్నల్ వస్తుందో రాదో, ఏ భాష పిల్లలు ఎక్కువో కనుక్కుని నాలుగు వాక్యాలు జోడించండి. ఏ బడికి ఏది పంపాలో మేము తేల్చుకోవడానికి ఆ నాలుగు వాక్యాలే ఆధారం.